ఐదో నెలలో పొట్ట కనబడలేదని బెంగపడుతున్న మనవరాలికి

కావలి,
మార్చి 20.

చిరంజీవి సౌభాగ్యవతి మా బంగారు తల్లికి చిన్నమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి ఫోనులో మాట పూర్తి చేయకుండానే ఏడ్చేశావు. పండుగ పూట కంటతడి పెట్టకూడదని ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను గానీ, ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ తాగి ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కంగారులో విన్న మాట సగం చెవిలోకే వెళ్ళదు. ఉత్తరమైతే నువ్వు పదిసార్లు చదువుకోవచ్చు, మీ ఆయన చేత చదివించవచ్చు, వీలు చూసి మీ అత్తగారికీ వినిపించవచ్చు.

ఉగాది పచ్చడికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు నిన్ను ఎగాదిగా చూసి "ఐదో నెల అంటున్నారు, కడుపే లేదే!" అన్నారు. మీ అత్తగారేమో "మా పెద్దకోడలికి ఈపాటికి ఎంత కడుపు వచ్చిందో!" అని ఒక మాట కలిపారు. అంతే కదా జరిగింది? ఆవిడ నిన్ను నొప్పించాలని అన్నారని నేను అనుకోను. పెళ్ళయిన మూడేళ్ళకు నిలిచిన కడుపు. పోయినసారి రొట్టెల పండుగకు మీ అమ్మ నెల్లూరు వెళ్ళి, స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సంతాన రొట్టె పట్టుకుంది. రెండిళ్ళ వాళ్ళ కళ్ళూ నీ పొట్ట మీదే ఉన్నాయి. భయం అందరికీ ఉంది, ఎవరి భయం వాళ్ళ నోటి నుంచి ఒక్కో రకంగా బయటికి వస్తోంది.

ముందు లెక్క చూద్దాం. నీకు ఆఖరిసారి నెలసరి వచ్చింది నవంబరు 14న. మార్చి 14కి నాలుగు నెలలు నిండాయి, ఐదో నెల మొదలై ఆరు రోజులయింది. మన ఇళ్ళలో నెల పుట్టగానే ఆ నెల పేరు చెబుతారు. వినేవాళ్ళకు ఐదు నెలలు నిండినట్టు వినబడుతుంది. ఒకే మాటలో నెల రోజుల తేడా దాక్కుని ఉంది చూశావా? అందుకే నేను 34 ఏళ్ళ పల్లెల నర్సు ఉద్యోగంలో నెలల్లో మాట్లాడటం మానేశాను, వారాల్లోనే మాట్లాడతాను. ఇవాళ్టికి నీకు సరిగ్గా 18 వారాలు. కాన్పు తేదీ ఆగస్టు 21 అని నీ కార్డు మీద రాసి ఉంటుంది. నెలలు క్రమంగా రానివాళ్ళకు ఈ లెక్క కూడా తప్పవచ్చు గానీ, నీకు 12 వారాలప్పుడు తీసిన స్కాను నెలసరి లెక్కతో సరిపోయింది. కాబట్టి తేదీ గురించి అనుమానం అక్కర్లేదు.

18 వారాలకు గర్భసంచి ఎక్కడిదాకా వస్తుందో తెలుసా? మేము ఏఎన్ఎం, అంటే పల్లెల నర్సు శిక్షణలో మొదట నేర్చుకున్నది ఇదే. 12 వారాల వరకు అది కటి ఎముకల గూటిలోనే ఉంటుంది. బయటి నుంచి ఎవరు చూసినా ఏమీ కనబడదు. 12 నిండాక పొత్తికడుపు కింది ఎముకకు పైన చేతికి తగులుతుంది. ఆ ఎముకకూ బొడ్డుకూ మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే 16 వారాలకు ఒక భాగం, 20 వారాలకు రెండు భాగాలు ఎక్కుతుంది. బొడ్డు దగ్గరికి చేరేది 24 వారాలకు. అంటే నీకు మే 1కి. ఇప్పుడు నీ గర్భసంచి బొడ్డుకూ ఆ ఎముకకూ నడిమధ్య ఉంటుంది. లోపల బిడ్డ పావుకిలో కూడా లేదు. బొడ్డు కిందే ఇంత చోటు మిగిలి ఉండగా బొడ్డు పైన ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది తల్లీ? తొలిచూలులో ఐదో నెలకే కొందరికి కనబడే ఎత్తులో గ్యాసు, కొవ్వు, నడుం ముందుకు వంగిన తీరు కూడా కలిసి ఉంటాయి. నీకే గమనానికి వచ్చి ఉంటుంది, పొద్దున పరగడుపున చదునుగా ఉన్న పొట్ట రాత్రి అన్నం తిన్నాక కాస్త ఉబ్బుగా కనబడుతుంది. బిడ్డ పగలంతా పెరిగి తెల్లారేసరికి తగ్గదు కదా.

ఇక మీ తోటికోడలి సంగతి. ఆ అమ్మాయిది మలిచూలు. ఒకసారి సాగిన పొట్ట కండరాలు మునుపటి బిగువుకు పూర్తిగా రావు. రెండోసారి గర్భసంచి పైకి రాగానే అవి తొందరగా దారి ఇచ్చేస్తాయి, నెల ముందే కడుపు బయటపడుతుంది. నీవి ఇంకా సాగని కండరాలు. పైగా పదో తరగతి దాకా కబడ్డీ ఆడినదానివి. ఆ పొట్ట బిగువు ఇంకా పోలేదు. దానికి తోడు మీ తాతగారి పొడవు వచ్చింది నీకు. పొడుగాటి మనిషికి పక్కటెముకలకూ నడుముకూ మధ్య చోటు ఎక్కువ. గర్భసంచి ముందుకు తోసుకు రానక్కర్లేకుండా పైకి పెరుగుతుంది. ఆ అమ్మాయి పొట్టి, బిడ్డకు ముందుకు రావడం తప్ప వేరే దారి లేదు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చడం న్యాయం కాదు.

ఇంకో కారణం కూడా ఉంటుంది. ఐదుగురిలో ఒకరికి గర్భసంచి పుట్టుకతోనే వీపు వైపు వాలి ఉంటుంది. అది జబ్బు కాదు. వాళ్ళకు మొదటి మూడు, నాలుగు నెలలు కడుపు అసలు తెలియదు. తర్వాత అది దానంతట అదే నిటారుగా లేస్తుంది. బిడ్డ అడ్డంగా పడుకున్నా ఎత్తు తక్కువగా తెలుస్తుంది, నెలల కొద్దీ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. కాస్త ఒళ్ళున్న వాళ్ళకు కొవ్వు పొర కింద కడుపు కలిసిపోయి ఆలస్యంగా తెలుస్తుంది. నీకు ఆ బాధ లేదులే. నీకు వేవిళ్ళు ఎక్కువై మొదటి మూడు నెలల్లో 52 కిలోల నుంచి 50న్నరకు దిగావు, ఇప్పుడు 52న్నర దగ్గర ఉన్నావు. పోయిన బరువు తిరిగి వచ్చి పైన కాస్త చేరిందంటే నాకు తృప్తిగానే ఉంది.

ఉదయగిరి కొండల వైపు నేను పనిచేసినప్పుడు గొర్రెలు మేపుకునే ఒక అమ్మాయి ఉండేది, నీకంటే పొడుగు. ఏడో నెల దాకా ఊళ్ళో ఎవరూ ఆమె గర్భిణి అని నమ్మలేదు. చీర కుచ్చిళ్ళ వెనక కడుపు దాగిపోయేది. 3 కిలోల 100 గ్రాముల మగపిల్లాణ్ణి కన్నది.

ఇంతవరకు చదివి "అయితే నాకేమీ లేదు" అని ఉత్తరం మడిచిపెట్టకు. నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కడుపు పెద్దదో చిన్నదో కంటితో తేల్చకూడదు. భయపడేవాళ్ళూ కంటినే నమ్ముతారు, ధైర్యం చెప్పేవాళ్ళూ కంటినే నమ్ముతారు. ఇద్దరిదీ తప్పే. ఇది నేను ఒక బిడ్డ ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నాను.

1996 వేసవి. కొండాపురం వైపు ఒక పల్లె. తొలిచూలు అమ్మాయి, సన్నగా ఉండేది. ఏడో నెలలో చూడటానికి వెళ్ళిన రోజు బస్సు ఆలస్యమై నేను పరుగు మీద ఉన్నాను. అత్తగారు "మా వంశంలో ఆడవాళ్ళకు కడుపులు చిన్నవేనమ్మా" అన్నది. నేనూ ఒక్కసారి చూసి, బాగానే ఉందనుకుని, టేపు సంచిలోంచి తీయకుండానే మాత్రలిచ్చి వచ్చేశాను. మరుసటి నెల వెళ్ళేసరికి 34 వారాలు. టేపు పెడితే 28 సెంటీమీటర్లు వచ్చింది. చేతులు చల్లబడ్డాయి నాకు. రక్తపోటు చూస్తే 150 మీద 100. ఒంట్లో రక్తపోటు పెరిగి, బిడ్డకు పోషణ అందించే మాయకు రక్తం సరిగా అందక బిడ్డ పెరుగుదల ఆగిపోయింది, ఉమ్మనీరూ తగ్గింది. ఒక ట్రాక్టరులో పరుపు వేసి కావలి దాకా, అక్కడి నుంచి కారులో నెల్లూరు దాకా నేనే వెంట వెళ్ళాను. బిడ్డ 1600 గ్రాములు. తల్లి మూడు వారాలు రొమ్ములకు ఆనించుకుని వెచ్చగా కాచుకుంది. బిడ్డ బతికింది. నెల ముందు నేను టేపు తీసి ఉంటే ఆ పిల్ల అంత కష్టపడి ఉండేది కాదు. ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా టేపు పెట్టకుండా ఏ గర్భిణి ఇంటి నుంచీ లేచి రాలేదు.

ఆ టేపు ఎలా పెడతారో నీకు చెబుతాను, ముందుముందు పరీక్షకు వెళ్ళినప్పుడు సరిగా చూస్తున్నారో లేదో నువ్వే గమనించుకోవచ్చు. ముందు మూత్రానికి వెళ్ళి రావాలి. నిండిన మూత్రాశయం గర్భసంచిని రెండు మూడు సెంటీమీటర్లు పైకి నెట్టేస్తుంది. వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపాలి. చూసేవాళ్ళు ఎడమ అరచేతిని నిలువుగా పెట్టి, చిటికెన వేలి వైపు అంచుతో రొమ్ము ఎముక కింద నుంచి మెల్లగా నొక్కుతూ దిగుతారు. పొట్ట మెత్తగా లోపలికి పోతూ పోతూ ఒక చోట బంతి అంచులా గట్టిగా ఆపుతుంది. అదే గర్భసంచి పైభాగం. అక్కడ టేపు మొన పెట్టి, పొట్ట మీదుగా కింది ఎముక దాకా లాగుతారు. అంకెలు కిందికి తిప్పి పెట్టడం మంచి అలవాటు, ముందే ఇంత రావాలన్న అంకె మనసులో ఉంటే చెయ్యి అటే లాగుతుంది. 24 వారాల నుంచి ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు రావాలి. రెండు అటూ ఇటూ పర్వాలేదు. మూడు తగ్గినా, రెండుసార్లు చూసినప్పుడు అంకె కదలకుండా ఉన్నా డాక్టరు స్కాను రాయాలి. రాయకపోతే నువ్వే అడుగు. అడగడం అమర్యాద కాదు. 36 వారాల తర్వాత బిడ్డ తల కిందికి దిగి కడుపు జారుతుంది, అప్పుడు అంకె తగ్గిందని బెదరకు.

నీకిప్పుడు 18 వారాలే కాబట్టి టేపు ఇంకా మాట్లాడదు. ఇప్పుడు మాట్లాడేది బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాను. అది 18 నుంచి 20 వారాల మధ్య తీయించాలి, వచ్చే పది రోజుల్లో ఒంగోలు వెళ్ళి రండి. బిడ్డ తల, పొట్ట, తొడ ఎముక కొలతలు వారాలకు సరిపోయాయా, ఉమ్మనీరు సరిపడా ఉందా, మాయ ఎక్కడ అంటుకుంది, ఈ మూడు ప్రశ్నలూ ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళు. మాయ ముందు గోడకు ఉంటే బిడ్డ కదలికలు నీకు కాస్త ఆలస్యంగా తెలుస్తాయి, దానికి కంగారు పడకుండా ఉండటానికి ఆ మూడోది. ఆడా మగా అని మాత్రం ఎవరూ నోరెత్తవద్దు. 1994 చట్టం ప్రకారం అడగడం కూడా నేరమే. కడుపు చిన్నగా, మొనదేలి ఉంటే మగబిడ్డ, వెడల్పుగా ఉంటే ఆడపిల్ల అని మీ వీధిలో వాళ్ళు అంటున్నారన్నావు. వేల కడుపులు తడిమాను తల్లీ, ఆ మాట ఒట్టిది. కడుపు ఆకారాన్ని తల్లి కండరాలూ బిడ్డ పడుకున్న తీరూ నిర్ణయిస్తాయి.

బిడ్డ కదలిక కోసం రోజూ చెయ్యి వేసుకుని చూస్తున్నానని అన్నావు. తొలిచూలుకు 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. తన్నినట్టు ఉంటుందని ఎదురుచూడకు. నిలవ నీళ్ళలో చేపపిల్ల తోక విదిలించినట్టు ఉంటుంది మొదట్లో, గ్యాసేమో అనుకుంటావు. మే 29కి 28 వారాలు నిండుతాయి. ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిన్నాక ఎడమ పక్కకు తిరిగి ఒక గంట పడుకో. గంటలో మూడుసార్లయినా కదలాలి, రోజులో 12 గంటలకు పదికి తగ్గకూడదు. తగ్గితే "రేపు చూద్దాం" అనవద్దు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. కడుపు ఎంత పెద్దగా కనబడుతున్నా సరే. రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, మొహం ఉబ్బినా వేళ చూడకుండా 108కి ఫోను చేయించు.

తిండి విషయంలో మీ అత్తగారితో నువ్వు వాదించవద్దు, నేను మాట్లాడతాను. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పాతకాలం వాళ్ళకు ఒక భయం ఉంది. మంత్రసాని చేతి మీద కాన్పులు జరిగిన రోజుల్లో పుట్టిన భయం అది, దాని వెనక చచ్చిపోయిన తల్లులున్నారు. అందుకే నేను దాన్ని తీసిపారేయను. కానీ కడుపు మాడ్చుకుంటే బిడ్డ తల సన్నబడదు, బిడ్డే నీరసిస్తుంది. ఇద్దరి తిండి తినమనీ అనను. మామూలు భోజనం మీద ఇంకొక పూట తిండి చేర్చు, చాలు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు నువ్వే తీసుకో, ఇంట్లో పదిమంది చేతులు పడనివ్వకు. కందిపప్పు, మునగాకు, వేరుశనగలు, బెల్లం, దొరికినప్పుడు చేపల పులుసు. ఇక్కడి నుంచి నెలకు దాదాపు 2 కిలోలు పెరుగుతూ, మొత్తం మీద 9 నుంచి 11 కిలోలు పెరిగితే మంచిది. ఒక్క నెలలోనే 3 కిలోలు దాటితే అదీ మంచిది కాదు, రక్తపోటు చూపించుకోవాలి.

నీకు రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఐరన్ మాత్రలు రోజుకు రెండు, మానకుండా. బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో చెప్పారట. మాత్ర వల్ల నల్లబడేది విరేచనం మాత్రమే, అది మామూలే. మొన్న నేను పంపిన పొదలకూరు నిమ్మకాయలు ఉన్నాయిగా, ఒక చెక్క నీళ్ళలో పిండుకుని దాంతో వేసుకో, ఐరన్ బాగా ఒంటబడుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటలు ఎడం ఉండాలి. కాఫీ, టీ దగ్గర్లో వద్దు. నీకు హిమోగ్లోబిన్ 10.2 ఉంది. 11 దాటేదాకా నేను నిన్ను వదిలిపెట్టను.

ఒకటి గట్టిగా చెబుతున్నాను. మీ ఇంట్లో పొగాకు పని. ఇప్పుడు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు దిగుతూ ఉంటుంది. పచ్చాకు కర్రలకు కట్టే పనికి గానీ, ఎండాకు గ్రేడింగుకు గానీ నువ్వు కూర్చోవద్దు. తడి ఆకు పట్టుకుంటే నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. నికొటిన్ మాయలోని రక్తనాళాలను బిగదీస్తుంది. మీ మామగారు పెద్దవారు, చుట్ట మానమని ఈ వయసులో నేను చెప్పలేను. పెరట్లో వేప చెట్టు కింద కాల్చుకోమని మీ ఆయన చేత చెప్పించు. మనవడో మనవరాలో కోసం ఆయన ఆ నాలుగు అడుగులు నడుస్తారు, నాకు నమ్మకం ఉంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడితే మాత్రం నిజంగానే కడుపు చిన్నదవుతుంది.

కడుపు పెరగడానికంటూ ఎవరైనా పసరు, నూనె మర్దనం, పొడి డబ్బా తెస్తే నమస్కారం పెట్టి పక్కన పెట్టు. పొట్ట మీద ఎవరినీ చెయ్యి వేసి తిప్పనివ్వకు.

జూన్ చివర్లో రొట్టెల పండుగ వస్తుంది. కోరిక తీరింది కాబట్టి మీ అమ్మ ఈసారి రొట్టె ఇవ్వడానికి వెళుతుంది. నీకు అప్పటికి ఎనిమిదో నెల, ఆ జనంలో తోపులాట, ఎండ. నువ్వు రావద్దు. రొట్టె మీ అమ్మ ఇస్తే చాలు. ఏడో నెలలో గాజులు తొడిగి చలిమిడి పెట్టడానికి మేమే వస్తాం. అప్పటికి కడుపు కనబడుతుందా అని అడగకు. కనబడవచ్చు, ఇంకో నెల పట్టవచ్చు. నా పాత టేపు మాత్రం సంచిలో పెట్టుకుని వస్తాను. గాజుల పేరంటం అయ్యాక నిన్ను లోపలి గదిలో పడుకోబెట్టి, మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టి గర్భసంచి అంచు ఎక్కడుందో చూపిస్తాను. ఒక్కసారి చేతికి తగిలితే ఆవిడకూ ధైర్యం వస్తుంది.

స్కాను అయిన రోజు సాయంత్రం ఆ మూడు జవాబులూ మీ ఆయన చేత ఫోనులో చదివించు. ఏప్రిల్ 9న ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చూసే రోజు, ప్రతి నెలా 9నే ఉంటుంది. పరగడుపున వెళ్ళవద్దు, ఇడ్లీ తిని, నీళ్ళ సీసా, కార్డు తీసుకుని వెళ్ళు. బరువు, రక్తపోటు, రక్తం అంకె, ఈ మూడూ కార్డులో రాయించుకున్నాకే అక్కడి నుంచి లే.

ఇట్లు,
నీ చిన్నమ్మమ్మ